పోయిన బిడ్డను కలిపేయకండి

ఈ మధ్య మా మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో ఏ తెలుగువాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లినా, ఎవరో ఒక అమ్మాయో అబ్బాయో ప్లేటు పట్టుకుని నా పక్కన చేరుతున్నారు. "ఆంటీ, మీరు ఫ్యామిలీ హిస్టరీ కంపెనీలో చేశారట కదా? నాకూ అలాంటి చోటే ఆఫర్ వచ్చింది. ఏమేం ప్రిపేర్ అవ్వాలి?" అని అడుగుతున్నారు. అందరూ యూనివర్సిటీలో డేటా సైన్స్ చదివినవాళ్లే. పప్పన్నం కలుపుకుంటూ చెప్పడానికి కుదరనివన్నీ ఇక్కడ రాస్తున్నాను. జీతాలు, ప్రమోషన్ల సంగతి ఇందులో దొరకదు. కోపం మాత్రం దొరుకుతుంది. పని మానేసి ఏడాది దాటినా అది తగ్గలేదు. తగ్గకపోతే బాగుండునని కూడా అనిపిస్తోంది.

ముందు పని ఏమిటో చెబుతాను. ఇక్కడి ఆస్ట్రేలియన్లలో చాలామంది తాతముత్తాతలు ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చారు. వాళ్ల మనవలకు ఒక వయసు వచ్చాక ఆ ఊరేదో, ఆ మనుషులెవరో తెలుసుకోవాలనిపిస్తుంది. సొంతంగా వెతుక్కునే ఓపిక లేనివాళ్లు మాకు అప్పగిస్తారు. మేం పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ వెతికి, ఎవరి తర్వాత ఎవరో పేర్చి, వంశవృక్షం గీసి ఇస్తాం. కావాలంటే ఆ ఊరి చరిత్రతో కలిపి పుస్తకంగా వేసిస్తాం.

నా చేతికి ఎక్కువగా వచ్చినవి ఉత్తర ఇంగ్లండులోని మిల్లు ఊళ్లు. లోయలో ఒక వాగు, వాగు పక్కన ఒక నూలు మిల్లు, మిల్లు చుట్టూ ఒకదానికొకటి ఆనుకున్న రాతి ఇళ్లు. ఇళ్లు యజమానివే. బడీ ఆయనదే, సరుకుల కొట్టూ ఆయనదే, ప్రార్థన చేసుకునే చాపెలూ ఆయనదే. ఊరంతా ఒకే పొగగొట్టం కింద పుట్టి, దాని కిందే పోయేవాళ్లు.

సైరన్ కింద పుట్టినదాన్ని

ఆ ఊళ్లు నాకు ఎప్పుడూ పరాయివి అనిపించలేదు. నేను విజయనగరం జిల్లాలో ఒక జనపనార మిల్లు క్వార్టర్లలో పుట్టాను. నాన్న మగ్గాల దగ్గర పనిచేసేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద నార పొడి పేరుకుని, ఉదయం వెళ్లినవాడికంటే పదేళ్లు పెద్దవాడిలా కనిపించేవాడు. మాకు వేరే గడియారం అక్కర్లేదు, సైరన్ ఉండేది.

ఇంటర్‌తో నా చదువు ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఆగలేదు. అంకెలు కనబడితే కూడటం, తీసేయటం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. పెళ్లయి మెల్‌బోర్న్ వచ్చాక కొన్నేళ్లు ఒక కిరాణా కొట్టు లెక్కలు చూశాను. తర్వాత ఒక చిన్న ఆఫీసులో టైపు చేయడానికి చేరాను. అక్కడే పాత ఇంగ్లీషు చేతిరాత చదవడం పట్టుబడింది. ఎవరూ నేర్పలేదు. చూడగా చూడగా వచ్చింది.

మా నాన్న పేరు పెంటయ్య. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి స్నేహకు ఆ పేరుకు అర్థం చెబితే, "దట్స్ సో మీన్, అమ్మా! ఎవరైనా బేబీకి అలా పెడతారా?" అంది. పెడతారు. నాన్నకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ ఏడాది నిండకుండానే పోయారు. నానమ్మ చెప్పేది:

"ముందోలిద్దరికీ మంచి మంచి పేర్లెట్టినాం. ఏటైంది? మిగిల్నారా? అందుకే ఈడ్ని పుట్టగానే పెంట మీద పడేసి, పక్కింటి అప్పలమ్మ చేత ఏరించి తెచ్చుకున్నాను. పెంటని ఎవుడట్టుకెళ్తాడే? దేవుడు కూడా అట్టుకెళ్లడు."

తెలుగువాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. పోయిన బిడ్డ నీడ తర్వాత పుట్టిన బిడ్డ పేరు మీద పడుతుందని మనకు తెలుసు. ఈ ఒక్క సంగతి నాకు ఉద్యోగంలో పనికొచ్చినంతగా మరేదీ పనికిరాలేదు.

పామ్ చెప్పిన మాట

ఆ చిన్న ఆఫీసు పామ్‌ది. పామ్ ఒకప్పుడు బడిపంతులమ్మ. గట్టిగా మాట్లాడుతుంది, టీ మాత్రం నీళ్లలా పెడుతుంది. మొదటి వారమే నాకు ఒక మాట చెప్పింది. "ఒక బిడ్డ బాప్టిజం రికార్డు దొరికిందని సంబరపడి వెంటనే పెళ్లి చేసేయకు. ముందు శ్మశానానికి వెళ్లు. ఆ బిడ్డ అక్కడ లేదని తేలాకే పెళ్లి పందిట్లోకి రా."

ఎందుకంటే ఆ మిల్లు ఊళ్లలో పిల్లలు అంతలా పోయేవాళ్లు. పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టడం అక్కడ మామూలు. అమ్మమ్మ పేరో నానమ్మ పేరో పెట్టుకున్నాక ఆ బిడ్డ పోతే, పేరు కూడా పోతుంది కదా. అందుకని మళ్లీ పెట్టేవాళ్లు. మా నానమ్మ భయపడి చెత్త పేరు పెట్టింది, ఆ తల్లులు భయపడి అదే పేరు పెట్టారు. రెండు చోట్లా భయం ఒకటే. ఒకే ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరు కనిపిస్తే, ముందు ఒక చావు కోసం వెతకాలి.

పామ్ అబద్ధం రాసేది కాదు. ఒకసారి ఒక పెద్దమనిషి సూటు వేసుకుని వచ్చాడు. తన ఇంటిపేరే ఉన్న ప్రభువు ఒకాయన ఇంగ్లండులో ఉన్నాడని, ఎలాగైనా ఆయనతో చుట్టరికం తేల్చమని అడిగాడు. నెల తర్వాత పామ్ అతన్ని కూర్చోబెట్టి, "మీ ముత్తాత ఆ ప్రభువుగారి మిల్లులో నేల ఊడ్చాడు. అంతకంటే దగ్గర చుట్టరికం నాకు దొరకలేదు" అంది. అతను కాగితాలు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు. పామ్ నాకు మళ్లీ నీళ్లలాంటి టీ ఇచ్చింది. ఆవిడ దగ్గర చేసినన్నాళ్లూ నాకు ఆ ఆఫీసు మెట్లెక్కడం గర్వంగా ఉండేది.

క్రెయిగ్ చప్పట్లు

పామ్ వయసు మీదపడి తప్పుకున్నాక ఆఫీసును ఒక పెద్ద కంపెనీ కొనేసింది. కొత్త బాసు క్రెయిగ్. చెడ్డవాడని అననుగానీ, అందరి పుట్టినరోజులకూ కేకు తెప్పించే మంచితనం వేరు, పనిలో నిజాయితీ వేరు. వరలక్ష్మి అన్న నా పేరును మొదటి రోజే "వారా" చేశాడు. "ఈజీగా ఉంటుంది కదా, మేట్!" అన్నాడు. పేరు పలకడమే బరువనుకునేవాడు పేర్ల వ్యాపారానికి అధిపతి అయ్యాడు.

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఒకే పేరు, ఒకే తల్లిదండ్రులు, ఒకే ఊరు ఉన్న ఇద్దరు కనిపిస్తే తెర మీద పచ్చగా వెలుగుతుంది, 'డూప్లికేట్' అని. కింద మెర్జ్ అని ఒక బటన్. నొక్కితే ఇద్దరూ ఒక్కరైపోతారు. ముందు తేదీ మిగులుతుంది, రెండోది కనిపించకుండా పోతుంది. వారంలో ఎవరు ఎక్కువ డూప్లికేట్లు కలిపేస్తే వాళ్లకు శుక్రవారం చప్పట్లు. పిల్లల్లేకుండా పోయినవాళ్లను అసలు వంశవృక్షం పటంలోనే చూపించరు. వాళ్లను 'క్లట్టర్' అనేవాళ్లు. అడ్డంగా ఉన్న చెత్త అని అర్థం. ఆరేళ్లకో పదేళ్లకో పోయిన పిల్లలు చెత్తట! మా నానమ్మ బిడ్డను చెత్త అని పిలిచింది బతికించుకోవడానికి. వీళ్లు చెత్త అన్నది తుడిచేయడానికి.

నా చుట్టూ కూర్చున్నవాళ్లలో సగం మంది మన పిల్లలే. వాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది, దాచను. "ఇదేమిటమ్మా, ఈ ఇద్దరి మధ్యా ఇన్నేళ్ల తేడా ఉంటే ఎలా కలిపావు?" అని ఒకమ్మాయిని అడిగితే, "సిస్టమ్ సజెస్ట్ చేసింది ఆంటీ" అంది. మీ ఇంట్లో అన్నం మాడితే కుక్కర్ సజెస్ట్ చేసిందంటావా?

జోన్ గారు వచ్చారు

ఆవిడను ఎదురుగా ఉన్నప్పుడు జోన్ అనే పిలిచాను. తెలుగులో రాస్తుంటే గారు పెట్టకుండా చెయ్యి కదలడం లేదు. ఎనభైకి దగ్గర పడిన మనిషి. చేతికర్ర ఉంది కానీ దాన్ని నడవడానికి కాక ఎదుటివాళ్లను చూపించడానికి వాడేవారు.

ఆవిడ అమ్మమ్మ పేరు హన్నా గ్రీన్‌వుడ్. ఒక మిల్లు ఊరి నుంచి ఒంటరిగా ఓడెక్కి ఇక్కడికొచ్చింది. ఓడలో తన వయసు ఇరవై రెండని చెప్పింది. ఇక్కడ తన ఈడువాణ్నే పెళ్లాడింది, పిల్లల్ని కంది. చాలా ఏళ్ల తర్వాత ఇంగ్లండులోని దూరపు చుట్టం ఎవరో ఉత్తరం రాశారు: మా ఊరి చర్చి రిజిస్టరులో హన్నా బాప్టిజం చూశాం, ఆ లెక్కన ఆవిడ ఓడెక్కేనాటికి ముప్ఫై మూడేళ్లు, అని. అంతే. మొగుడు దొరకాలని పదకొండేళ్లు మింగేసిన ఆడది అని ఇంట్లో పేరు పడిపోయింది. హన్నా కాదని చెప్పింది. ఎవరూ నమ్మలేదు. ఆవిడ ఆఖరి కూతురు ఎల్సీ, అంటే జోన్ గారి అమ్మ, బతికినన్నాళ్లూ వదినల నోట "అబద్ధాల హన్నా కూతురు" అనిపించుకుంది.

ఇప్పుడు జోన్ గారి మేనమామ కొడుకు గ్రాహం మా కంపెనీకి కుటుంబ చరిత్ర పుస్తకం అప్పగించాడు. త్వరలో చుట్టాలంతా వెర్రిబీ నది ఒడ్డున కలుస్తున్నారు, ఆ రోజు పంచిపెట్టడానికి. కంప్యూటర్లో అయినా నిజం తేలుతుందని జోన్ గారు ఆశపడ్డారు. మా పుస్తకం చిత్తుప్రతిలో ఒక అధ్యాయానికి 'పదకొండేళ్లు మింగిన హన్నా' అని పేరు పెట్టి ఉంది. అది పట్టుకుని వచ్చారు.

"ఇది రాసింది నువ్వేనా?"

"కాదండీ."

"రాసినవాణ్ని చూపించు. నా కర్రకు వాడితో పనుంది."

క్రెయిగ్ మీటింగులో ఉన్నాడని చెప్పి కూర్చోబెట్టాను. హన్నా ఎలా ఉండేదో గుర్తుందా అని అడిగాను. ఉంది. జోన్ గారు హైస్కూల్లో చేరేదాకా ఆవిడ బతికే ఉంది.

"మొండిది. ఒకసారి పిలిస్తే పలికేది కాదు. 'రెండోసారి పిలిస్తేనే నన్ను పిలిచినట్టు' అనేది. చెవుడేమో అనుకునేవాళ్లం. కానీ పక్కగదిలో బిస్కెట్ డబ్బా మూత తీస్తే వినబడేది!" అని నవ్వారు. తర్వాత నవ్వు ఆపేసి, "అమ్మాయ్, నాకు ఆస్తులేం అక్కర్లేదు. మా అమ్మ ఆ మాట మోసుకునే పోయింది. అదే మాట ఇప్పుడు అచ్చేసి నా మనవల చేతుల్లో పెడతారట. నిజమైతే పెట్టండి. నిజమేనా?" అన్నారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే మా వృత్తి. మిగతాదంతా అలంకారం.

యాభై రెండేళ్ల కాన్పు

నేను అంకెలు వరసగా పెట్టుకున్నాను. చుట్టం రాసిన బాప్టిజం నిజంగానే ఉంది, తల్లిదండ్రులు జాన్, మేరీ అని. దానికి పదకొండేళ్ల తర్వాత అదే ఊళ్లో, అదే తల్లిదండ్రులకు, అదే పేరుతో ఇంకో బాప్టిజం కూడా ఉంది! మా ఆఫీసులోనే దొరికింది. దొరికిన రోజే పచ్చగా వెలిగింది, ఎవరో నొక్కేశారు, చప్పట్లు కొట్టించుకున్నారు. క్రెయిగ్ దగ్గరికి వెళ్లాను.

"క్రెయిగ్, హన్నాలు ఇద్దరు."

"ఇద్దరెక్కడ, మేట్? ఒకే అమ్మానాన్నలు. ఒకసారి చర్చిలో, ఇంకోసారి చాపెల్‌లో బాప్టిజం ఇప్పించి ఉంటారు. చేసేవాళ్లు అలాగ."

"పదకొండేళ్లు ఆగి మరీనా?"

"జనం రకరకాలు."

"తర్వాత వచ్చిన జనాభా లెక్కల్లో ఆ ఇంట్లో హన్నా వయసు ఆరు. నీ లెక్క ప్రకారం పదిహేడు ఉండాలి."

"రాసేవాడు తాగి ఉంటాడు."

"ఓడలో ఇరవై రెండు."

"అబద్ధం చెప్పింది. కథంతా అదే కదా!"

"ఆఖరి కూతురు ఎల్సీ పుట్టేనాటికి నీ హన్నాకు యాభై రెండేళ్లు. యాభై రెండు! ఆ వయసులో నేను మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కాను."

"మిరకిల్స్ హ్యాపెన్, వారా."

"చూడు క్రెయిగ్. నీ లెక్క నిలబడాలంటే తల్లిదండ్రులు పదకొండేళ్లు ఆగి ఒకే పిల్లకు రెండోసారి బాప్టిజం ఇప్పించాలి, గుమస్తా తాగి ఉండాలి, హన్నా అబద్ధమాడాలి, ఆ పైన యాభై రెండేళ్లకు కాన్పు రావాలి. నా లెక్క నిలబడాలంటే ఒక్క పిల్ల చనిపోతే చాలు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో అంతకంటే తేలికగా జరిగేది ఏముంది?"

క్రెయిగ్ తెర వైపు తిరిగి, "అయితే చనిపోయిందని చూపించు. శుక్రవారం పుస్తకం అచ్చుకు వెళ్తుంది" అన్నాడు.

అది న్యాయమైన మాటే. మీరూ గుర్తుపెట్టుకోండి. లెక్క ఎంత బాగా కుదిరినా అది లెక్కే. చావు చూపించాలి. కానీ ఆ లోయలో సగం మంది ఇంటిపేరు గ్రీన్‌వుడ్. ఆ చుట్టుపక్కల చిన్నతనంలో పోయిన హన్నా గ్రీన్‌వుడ్‌లు చావుల సూచీలో ఎంతమందో ఉన్నారు. సూచీలో తల్లిదండ్రుల పేర్లు ఉండవు. అసలు కాగితాలు తెప్పించుకుని ఒక్కొక్కరినీ చూసేంత వ్యవధి క్రెయిగ్ ఇవ్వలేదు.

అద్దంతో చదివిన రాయి

ఆ ఊళ్లో ఆర్థర్ అనే పెద్దాయన ఉన్నాడు. వాళ్లమ్మ ఆ మిల్లులోనే పనిచేసింది. ఇప్పుడు ఆయనా మరికొందరు ముసలివాళ్లూ కలిసి ఊరి చరిత్ర పోగుచేస్తుంటారు. ఎప్పుడు అడిగినా వానలో కూడా వెళ్లి చూసి చెప్పేవాడు. ఫోన్ చేసి సంగతి చెబితే, "అదేం వింత, లవ్? మా వైపు పేర్లు చెక్కచెప్పుల్లాంటివి. ఒకరు వదిలితే ఇంకొకరు తొడుక్కోవాల్సిందే" అన్నాడు. ఆయన అందరినీ 'లవ్' అనే పిలుస్తాడు. మొదట్లో ఉలిక్కిపడేదాన్ని.

మర్నాడు ఆయనకు పొద్దున, మాకు సాయంత్రం. నేను కూరకు ఉల్లిపాయలు వేయిస్తుంటే వీడియో కాల్ వచ్చింది. చాపెల్ వెనక శ్మశానంలో ఉన్నాడు, చంకలో బాత్‌రూమ్ అద్దం పెట్టుకుని. అరిగిపోయిన రాతి మీద అక్షరాలు ఎదురుగా చూస్తే కనిపించవు. పక్కనుంచి అద్దంతో ఎండ పడేలా చేస్తే అంచుల్లో నీడ పడి లేచి వస్తాయి. నాకు తెలిసి ఈ పనిలో అంతకంటే గొప్ప పనిముట్టు లేదు.

"మా అమ్మ ఈ రాయి గురించి చెప్పేది. ఆడవాళ్లు పెట్టించిన రాయి అనేది. ఇదే ఉండాలి. ఆగు... మేఘం అడ్డొచ్చింది, దీని దుంపతెగ!"

ఇక్కడ మా అమ్మాయి, "అమ్మా! ఆనియన్స్ బర్న్ అవుతున్నాయ్!"

"మాడనీ!" అన్నాను. ఎండ వచ్చింది. ఆర్థర్ ఒక్కో మాటా చదివాడు. హన్నా. జాన్, మేరీ గ్రీన్‌వుడ్‌ల కూతురు. పదేళ్ల వయసు. పనిలో గాయపడి పోయింది. కింద, మిల్లు ఆడవాళ్లు నిలిపిన రాయి.

స్టవ్ ఎవరు కట్టేశారో నాకు గుర్తులేదు.

పదేళ్ల పిల్లలకు అప్పట్లో సగం రోజు బడి, సగం రోజు మిల్లు అని ఆర్థర్ చెప్పాడు. నడుస్తున్న యంత్రం కిందికి పాకి, రాలిన దూది ఏరేవాళ్లు. చట్టం వద్దన్నా ఏరించేవాళ్లు. యంత్రం ఆపితే నూలు తగ్గుతుంది కదా, అందుకని ఆపరు. పిల్ల సన్నగా ఉంటే మరీ మంచిది.

"ఇప్పుడు ఆ మిల్లును ఫ్లాట్లు చేశారు, లవ్. గుమ్మం పక్కన పెద్ద ఇత్తడి పలక. యజమాని ఎంత దయగలవాడో అందులో ఉంది. ఇళ్లు కట్టించాడు, బడి కట్టించాడు, చాపెల్ కట్టించాడు అని."

"కట్టించలేదా?"

"కట్టించాడు. శ్మశానానికి నేల కూడా ఆయనే ఇచ్చాడు. దాన్ని నింపిందీ ఆయనే."

దయ గురించి పలకలు చాలా చూశాను నేను. యజమానుల దయ ఇత్తడి మీద ఉంటుంది, తోటి కూలీల దయ అరిగిపోయిన రాయి మీద ఉంటుంది. మీరు ఏ మిల్లు ఊరి చరిత్ర రాయాల్సి వచ్చినా, ముందు రాయి దగ్గరికి వెళ్లండి.

"పిల్లలుంటారు కదా"

గురువారం ఆ ఫోటో తీసుకెళ్లి క్రెయిగ్ ముందు పెట్టాను. చూశాడు. "గ్రేట్ ఫైండ్, వారా" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ పైన, "కానీ పుస్తకం గ్రాహంది. ఆయన ఒప్పుకోవాలి" అని స్పీకర్‌లో ఫోన్ కలిపాడు.

గ్రాహం అంతా విన్నాడు. "అబ్బా, మా వంశం మొత్తం మీద సరదా అయిన కథ అదొక్కటే కదా! పదకొండేళ్లు కొట్టేసిన నానమ్మ! చిన్నప్పటి నుంచి బార్బెక్యూ పొయ్యి దగ్గర అదే చెప్పుకుని నవ్వుకుంటాం. ఇప్పుడు యంత్రం కింద పోయిన పిల్లను తెచ్చి పెడితే ఏం బాగుంటుంది? రీయూనియన్‌కు పిల్లలు వస్తారు."

"ఆ పిల్లకూ పదేళ్లేనండీ" అన్నాను.

"అందుకే చెబుతున్నాను, వద్దని."

క్రెయిగ్ భుజాలు ఎగరేశాడు. మధ్యేమార్గంగా, కొందరు పరిశోధకులు మరోలా భావిస్తున్నారని వెనక పేజీలో చిన్న అక్షరాలతో వేద్దామన్నాడు. కొందరు పరిశోధకులు! రాతి మీద చెక్కి ఉంది! ఎండ పడితే చాలు కనిపిస్తుంది! బతికిన ఆడదాన్ని అబద్ధాలకోరు అనడానికి పెద్ద అక్షరాలు, పోయిన పిల్ల ఉందని చెప్పడానికి చిన్న అక్షరాలా? ఆఫీసులో అంతవరకూ గొంతు పెంచని దాన్ని ఆ రోజు పెంచాను. అద్దాల గది బయట అందరూ తలలు వంచుకుని మరింత శ్రద్ధగా పనిచేశారు.

శుక్రవారం పుస్తకం ఉన్నదున్నట్టు అచ్చుకు వెళ్లింది. నెలాఖరుకు నేను మానేశాను. వీరత్వం అనుకోకండి, కళ్లు కూడా అలిసిపోయాయి. కానీ కళ్లు అలిసిపోయాయని మాత్రమే చెప్పి వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది. రెండు కారణాలూ రాసే ఇచ్చాను.

జోన్ గారింటికి వెళ్లి ఫోటో ఇచ్చాను. కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు. "రెండోసారి పిలిస్తేనే నన్ను పిలిచినట్టు" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. అది రుజువు కాదు, నా లెక్కలో నేను వేసుకోలేదు. ఇంట్లో మాత్రం ఆ రాత్రి మా ఆయనకు ఆ మాట రెండుసార్లు చెప్పాను.

ఆ కంపెనీ పటంలో ఇప్పటికీ ఒకే ఒక్క హన్నా ఉంది. దాన్ని చూసి మరెందరో తమ పటాల్లోకి ఎత్తుకున్నారు. తప్పు ఒకచోట పుడితే దాన్ని ఎత్తుకుని ముద్దాడేవాళ్లు వందమంది. మీరు రేపు చేరబోయేది అలాంటి పటాల దగ్గరే. తెర పచ్చగా వెలిగినప్పుడు మీ వేలు ఆగాలి. అంతే నేను అడిగేది. మీ అమ్మనో నానమ్మనో ఒకసారి అడగండి, మన ఇళ్లలో పెంటయ్యలూ పుల్లమ్మలూ ఎందుకున్నారో. మిగతాది ఏ యూనివర్సిటీ చెప్పలేదు.

నది ఒడ్డున

రీయూనియన్‌కు నన్ను జోన్ గారే రమ్మన్నారు. నేను మొహమాటపడితే, "కర్ర ఎక్కడుందో తెలుసుగా" అన్నారు. వెళ్లాను. నది ఒడ్డున పార్కులో బల్లలు వేసి, బల్లల మీద కొత్త పుస్తకాల దొంతరలు పెట్టారు. గ్రాహం ఏప్రన్ కట్టుకుని బార్బెక్యూ దగ్గర సాసేజీలు తిప్పుతున్నాడు. నన్ను చూసి, "ఓ, లెక్కల లేడీ! ఉల్లిపాయలు వేయించనా?" అన్నాడు. మనిషి సరదాగానే ఉంటాడు, అదే నాకు ఇంకా మంట.

వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. తినేముందు అందరిలోకీ పెద్దవాళ్లు లేచి, పోయినవాళ్ల పేర్లు మొదటి నుంచీ చదవాలి. చదువుతున్నంతసేపూ టోపీలు తీసి నిలబడాలి. ఆ ఏడు పెద్ద జోన్ గారే. పుస్తకం వెనక పేజీలో పేర్ల వరస అచ్చువేసి ఉంది. ఆవిడ పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, కర్ర ఆనించుకుని నిలబడ్డారు.

"జాన్ గ్రీన్‌వుడ్. మేరీ గ్రీన్‌వుడ్."

పొయ్యి మీద సాసేజీలు చిటపటమన్నాయి.

"హన్నా గ్రీన్‌వుడ్."

కాస్త ఆగారు. ఊపిరి తీసుకోవడానికేమో అనుకున్నాను. మళ్లీ తలెత్తారు.

"హన్నా గ్రీన్‌వుడ్."

గ్రాహం టోపీ నెత్తిన ఉండగానే, పట్టుకారు చేతిలో పట్టుకుని, అందరికీ వినబడేలా, "ఆ పేరు చదివేశావు, జోన్!" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు.

జోన్ గారు కర్ర ఎత్తి సరిగ్గా అతని వైపు చూపించారు.

"మొదట పిలిచింది అక్కని. పదేళ్లకు మిల్లులో పోయింది. ఇప్పుడు మా అమ్మమ్మని పిలుస్తున్నాను. నోరు మూసుకుని టోపీ తియ్యి."

తీశాడు.